దేనికీ గుద్దుకోని ప్రమాదం

ఆ రోజుల్లో మా వైపు కారంటే పెళ్లికో, ఆసుపత్రికో ఎక్కేదే. మా మావయ్య పాత అంబాసిడర్ ఒకే ఉదయం ఆ రెండు పనులూ చేసిపెట్టింది. అది తొంభైల నాటి సంగతి. అక్క పెళ్లి రావులపాలెం అవతల, పెళ్లికొడుకు వాళ్ల ఊరి చర్చిలో. ప్రార్థన అయ్యాక నేనొక్కదాన్నే ఓ పాట పాడాలని అక్క కోరిక. "నువ్వు పాడకపోతే నాకు పెళ్లయినట్టే ఉండదే" అంది. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. మా చర్చిలో నా అంతటి గొంతు మరొకరికి లేదని నా గట్టి నమ్మకం (ఆ మాట ఇంకెవరైనా అన్నారో లేదో గుర్తులేదు).

వెనక సీట్లో అక్క, అమ్మ, ఇద్దరు పిన్నులు చీరలతో, పూలబుట్టతో సహా ఇరుక్కున్నారు. ఆ ఇరుకులో గొంతు పాడవుతుందని నేను పట్టుబట్టి ముందు సీటంతా తీసుకుని హాయిగా కూర్చున్నాను. కాలవగట్టు ఎక్కగానే సాధన మొదలుపెట్టాను. మావయ్యకు పాటంటే ప్రాణం. స్టీరింగ్ మీద రెండు చేతులతోనూ తాళం వేయసాగాడు. చరణంలో పైస్థాయి అందుకోవడానికి నోరు బార్లా తెరిచాను. సరిగ్గా అక్కడే గట్టు వంపు తిరిగింది, మేం తిరగలేదు. కారు ఎగిరెగిరి పడుతూ గట్టు దిగి, కొత్తగా నాట్లు ఊడ్చిన వరిచేలో మెత్తగా ఆగింది.

దేన్నీ గుద్దలేదు. వెనకవాళ్లు బిగుసుకుపోయి ఉన్నారేమో, పూలబుట్ట కూడా కదల్లేదు. నేనొక్కదాన్నే పైకెగిరి, తల టాపుకు కొట్టుకుని, కిందికొస్తూ నాలుక కొరుక్కున్నాను. నోరంతా రక్తం. పరుగెత్తుకొచ్చిన రైతుతో మావయ్య తాపీగా, "గుద్దలేదండీ, దిగామంతే" అన్నాడు. ఆ రైతు తిట్టబోయి, పెళ్లికూతుర్ని చూసి మానుకుని, ట్రాక్టరు తెప్పించి కారు లాగించాడు. పక్క ఊళ్లో డాక్టరుగారు దేనికి గుద్దుకున్నారని అడిగితే మావయ్యది మళ్లీ అదే జవాబు. దేనికీ గుద్దుకోనప్పుడు దెబ్బెలా తగులుతుందని పైగా వాదన. కాదని చెప్పాల్సిన నాకేమో నాలుక తిరగదు. డాక్టరుగారు రక్తం ఆపి, "ఇవాళంతా మాట్లాడకమ్మా" అన్నారు. నాకు ఏడుపాగలేదు. పాడకపోయినా పర్లేదని అక్క అంది గానీ, తన కళ్లలోనూ నీళ్లే.

చర్చిలో ఈ సంగతేదీ తెలియని పాస్టరు అయ్యగారు ప్రార్థన ముగించి నా పేరు పిలిచారు. లేచి నిలబడ్డాను. మాటలు రావు సరే, రాగం గొంతులోనే ఉంటుంది కదా అని నోరు మూసుకుని కూనిరాగం మొదలుపెట్టాను. కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తెలిసిన పాటే కావడంతో ముందు బెంచీలోని ముసలావిడ మాటలు అందించింది. ఆ తర్వాత ఆ బెంచీ, ఆ వెనక చర్చంతా అందుకుంది. నా ఒక్కదాని పాట ఊరంతా పాడేస్తుంటే, నిజం చెప్పొద్దూ, నాకు కాస్త కోపం కూడా వచ్చింది. తలెత్తి చూస్తే ముసుగులో అక్క నవ్వుతూ పాడుతోంది (పెళ్లికూతురు పాడకూడదని పిన్ని గిల్లుతున్నా సరే). మావయ్య బెంచీ మీద తాళం వేస్తున్నాడు. నా కోపం అక్కడితో పోయింది.

ఇప్పటికీ పెళ్లిరోజున అక్క ఫోన్ చేసి ఆ పాట పాడమంటుంది. నేను గొంతు సవరించుకుని మొదటి మాట అందుకోగానే, "అలా కాదే, ఆ రోజు పాడినట్టు పాడు" అంటుంది. నోరు మూసుకుని కూనిరాగం తీస్తాను. అటునుంచి అక్క మాటలు కలుపుతుంది. నోరు మూసుకుంటేనే నీ పాట బాగుంటుందని పద్దెనిమిదేళ్లప్పుడు ఎవరైనా నాతో అనుంటే, ఈ జన్మలో వాళ్ల ముఖం చూసేదాన్ని కాదు.