రంగులో మురికి

కప్పల రక్తాన్ని గాజు స్లైడు మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కిందికి అందించడమే ఆయన ఉద్యోగం. జంతువుల ఆసుపత్రి ల్యాబులో అందరూ ఆయన్ని 'స్లైడ్ల బాబాయ్' అనేవాళ్లు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక కప్ప ఎర్రకణాల్లో కేంద్రకం పక్కన చిన్న చుక్క కనబడితే పెద్ద డాక్టరు అంతెత్తున లేచాడు.

"రంగు వడకట్టడం కూడా రాదా నీకు? ఇది మురికయ్యా, మురికి!"

ఒక్కసారి తల వంచి మళ్లీ చూసుంటే ఆ పెద్దమనిషి సొమ్మేం పోయేది?

ఆ మాట బాబాయ్ గుండెల్లో ముల్లులా దిగబడింది. అప్పటినుంచి రంగుని మూడేసిసార్లు వడకట్టేవాడు. స్లైడ్లు తోమి తోమి వేళ్లు నానిపోయేవి. "ఇంట్లో గిన్నెలకి ఆ భాగ్యం ఎప్పుడో!" అని భార్య దెప్పేది. అయినా చుక్క కనబడితే, గుట్టుచప్పుడు కాకుండా ఆ స్లైడు కడిగేసి, చుక్క లేని మరో కప్పది డాక్టరు ముందు పెట్టేవాడు. ల్యాబు తొట్లలో పెంచే కప్పలు మాత్రం రక్తం పలచబడి చస్తూనే ఉండేవి. ఎందుకో ఎవరికీ అంతుబట్టలేదు.

ఆయన రిటైరయ్యే వారంలో, కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఒక కప్ప రక్తంలో అలాంటి చుక్కే చూసి, బాబాయ్ మురికన్నా వినకుండా, దాన్ని పెద్ద ల్యాబుకి పంపించింది. జవాబు రాగానే పరుగున వచ్చింది.

"బాబాయ్, ఆ చుక్క మురికి కాదు! ఎర్రకణాల్లో చేరే వైరస్. మీ రంగు శుభ్రంగానే ఉంది!"

ముప్పై ఏళ్లుగా ఆ ఒక్క మాట కోసమే కాచుకున్న మొహం విప్పారింది. అంతలోనే, కుళాయి కింద పెట్టబోయిన స్లైడు చేతిలోనే ఆగిపోయింది.

"మరి నేను ఇన్నాళ్లూ కడిగేసిందేంటమ్మా?"