బల్లి పలికిన ఇల్లు

మా అత్తగారింట్లో బల్లి మాటకు విలువుండేది. ఎవరైనా ఏదైనా అంటుండగా గోడమీద బల్లి పలికిందంటే, అత్తగారు వేలి మెటికతో నేలమీద కొట్టి "సత్యం, సత్యం" అనేవారు. ఇక ఆ మాటకు తిరుగులేదు. బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే, గుమ్మం దాటినవాళ్లు కూడా వెనక్కి వచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లాల్సిందే. బస్సు పోతే పోయేది.

మాది బందరు దారిలో నేతపని ఇల్లు. ముందు గదిలో మగ్గాలు, వెనక వంటిల్లు. మావారు బెజవాడ వెళ్లి నూలు కొనుక్కొచ్చేవారు. కొట్టులో చిలపను, అంటే నూలు కట్టను, గుప్పిట్లో పెట్టి ఒకసారి నొక్కి, వద్దంటే వద్దే. ఎందుకని నేనడిగితే, "చేతికి తెలుస్తుందే, ఎలా చెప్పను?" అనేవారు. ఆయన చేతిని ఇంట్లో ఎవరూ ప్రశ్నించలేదు. నేను పాలకూ కట్టెలకూ లెక్క రాసుకునే మనిషిని, ఎవరు ఏ తేదీన వచ్చి వెళ్లారో గుర్తుపెట్టుకునే మనిషిని. అలాంటిదానికి లెక్కకు అందనిది కూడా తెలుస్తుందని ఎవరూ అనుకోలేదు.

తొంభై ఏడు మాఘంలో మా ఆడపడుచుకు సంబంధం వచ్చింది. నేను కాపురానికొచ్చేసరికి ఆ పిల్లకు ఆరేళ్లు. జడలు వేసింది నేను. రాట్నం మీద కండెలు చుట్టడం నేర్పింది నేను. అబ్బాయికి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్టు. జాతకాలు కుదిరాయి. విచారించినచోటల్లా మంచిగానే చెప్పారు. ఎటునుంచి కూడినా తప్పు కనపడలేదు.

ఇల్లు చూసి రావడానికి అత్తగారూ, మావారూ, నేనూ వెళ్లాం. పెళ్లికొడుకు చెల్లెలు కాఫీలు తెచ్చింది. ప్రతి గ్లాసూ కింద పెట్టే ముందు అన్న ముఖంలోకి చూసింది. ఒక గ్లాసు తొణికి బల్లమీద కాస్త ఒలికింది. అతను ఏమీ అనలేదు, నవ్వాడు కూడా. ఆ పిల్ల మాత్రం పొగలు కక్కుతున్న కాఫీని అరచేత్తో తుడిచేసి, చెయ్యి వెనక్కి దాచుకుంది. నా చేతిలో గ్లాసు తాగకుండానే కింద పెట్టేశాను.

ఇంటికొచ్చి, మావారికి అన్నం వడ్డిస్తూ చెప్పాను.

"ఈ సంబంధం వద్దండీ."

"ఏం? ఏం చూశావ్?"

"ఆ చెల్లెలు కాఫీ పెట్టేటప్పుడు వాళ్లన్నని చూసిందండీ."

"అన్నని చూడక పక్కింటాయన్ని చూస్తుందా?"

అత్తగారు నవ్వారు. "పావలా తేడా వస్తే పాలవాణ్ణి గుమ్మంలో నిలబెట్టుద్ది నీ పెళ్లాం. ఇవాళ లెక్కాపత్రం లేకుండా మాట్లాడుతోంది."

"నాకు మనసొప్పట్లేదు అత్తయ్యా."

"మనసంట! శుభమా అని మాట్లాడుకుంటుంటే ఆ నోరేంటమ్మాయ్? ఒరే అబ్బాయ్, ఖాయం చేసెయ్యి. ఆ ఇంట్లో పిల్ల సుఖపడుద్ది."

ట్యూబులైటు వెనక బల్లి పలికింది. అత్తగారు మెటికతో నేలమీద కొట్టారు. మావారు లేచి చెయ్యి కడుక్కున్నారు.

పెళ్లి చేసుకోవలసిన పిల్లను ఎవరూ అడగలేదు. పక్క గదిలో కండెలు చుడుతోంది. నేను మాట్లాడినంతసేపూ రాట్నం చప్పుడు ఆగింది. బల్లి పలికాక మళ్లీ మొదలైంది.

పెళ్లయిన రెండో ఏడు, దీపావళి వెళ్లాక, చేతిసంచి ఒక్కటి పట్టుకుని తిరిగొచ్చింది. చెంపదెబ్బకు ఎడమ చెవిలో పొర చిరిగింది. ఆ చెవి ఇక పనిచేయదని బెజవాడలో డాక్టరు చెప్పాడు. ఎందుకు కొట్టాడని అడిగితే ఒక్కటే మాట అంది. "మంచినీళ్లు ఒలికాయి వదినా."

అత్తగారు గుండెలు బాదుకుని ఏడ్చారు. ఏడుపు ఆగాక నా వైపు తిరిగారు. "ముందే వద్దు వద్దని నోరు పెట్టావ్. అదే తగిలింది నా పిల్లకి." పోయేదాకా ఆవిడ ఆ మాటమీదే ఉన్నారు. మావారు అరుగుమీద కూర్చుని కొత్త చిలపను నొక్కుతూ ఉండిపోయారు. నావైపు తలెత్తలేదు. నాకు బల్లి మీద కోపం లేదు. అది తన పురుగు కోసం పలికింది.

నెల తిరక్కుండానే అబ్బాయి మేనమామ, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు పళ్ల బుట్టతో రాజీకి వచ్చారు.

"చెయ్యి చేసుకోడం తప్పేనండీ, కాదనం," అన్నాడు మేనమామ. "కుర్రాడు మారాడండీ. ఇకమీదట పువ్వుల్లో పెట్టి చూసుకుంటాడు."

ట్యూబులైటు వెనక మళ్లీ బల్లి. అత్తగారి వేలు దానంతటదే నేలమీదకు పోయింది. "సత్యం, సత్యం."

పిల్ల నా పక్కనే, కుడి చెవి నావైపు ఉండేలా కూర్చుంది. "ఏంటమ్మా, నేలెందుకు కొడుతున్నావ్?"

"బల్లి పలికిందే."

"నాకు వినపళ్లేదు."

మేనమామ పళ్ల బుట్ట ముందుకు జరిపాడు. "రానంటే ఏదో కారణం చెప్పాలి కదమ్మా. మారాడంటున్నాం. నమ్మకపోతే ఎలా?"

"మా అన్నయ్యకి నూలు సంగతి చేతికి తెలుస్తుందండీ," అంది పిల్ల. "ఎందుకని ఎవరూ అడగరు. నాకు చెంపకి తెలిసింది. నేను రాను."

మావారు అప్పుడు తలెత్తారు. బుట్ట తీసుకెళ్లి మేనమామ ముందు పెట్టింది నేను.

వాళ్లు గుమ్మం దాటుతుండగా అందులో ఒకాయన గట్టిగా తుమ్మాడు. అలవాటు కొద్దీ ముగ్గురూ ఆగారు. అత్తగారు కూడా అలవాటు కొద్దీ మంచినీళ్ల కోసం లేవబోయారు. పిల్ల ఆవిడ కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. వాళ్లు గుమ్మంలో కాసేపు నిలబడి, నీళ్లు రాకపోయేసరికి వెళ్లిపోయారు.