మూడు డెసిబెల్స్ జాలి

నేను రిటైరవడానికి ముందటి ఏడాది, వానాకాలంలో, ఘాజియాబాద్‌లోని మా స్టూడియోకి ఒక ఆల్బమ్ మాస్టరింగ్‌కి వచ్చింది. మాస్టరింగ్ అంటే పాట బయటికి వెళ్లే ముందు చివరి అంచె. పాటను రికార్డు చేసేవారు వేరు, గొంతునూ వాద్యాలనూ కలిపి మిక్స్ చేసేవారు వేరు. వాళ్లందరి తర్వాత నా వంతు. పాటకూ పాటకూ మధ్య ఎంత నిశ్శబ్దం ఉండాలో, మొత్తం ఎంత బిగ్గరగా వినిపించాలో నేను చూసేవాణ్ణి. పాటను మార్చే అధికారం నాకు లేదు. బాగాలేకపోతే మిక్స్‌కి తిప్పి పంపే అధికారం మాత్రం ఉంది.

ఆ బ్యాండ్‌లో నలుగురూ తెలుగువాళ్లే. వాయించేది పోస్ట్-హార్డ్‌కోర్: అరుపు, పాట, మళ్లీ అరుపు, వెనక గిటార్ల హోరు. మా ఆవిడ దాన్ని ఇల్లు కూలుతున్న చప్పుడనేది. నాకు మాత్రం వాళ్ల మొదటి ఆల్బమ్ అంటే ప్రాణం. కోచింగ్ సెంటర్లుండే కటవారియా సరాయ్‌లో సివిల్స్‌కి చదువుకుంటూ, అద్దెగది గోడలకు పరుపులు ఆనించి చేశారు దాన్ని. అందులో సీలింగ్ ఫ్యాన్ తిరగడం కూడా వినిపిస్తుంది. గాయకుడు చరణ్‌ది వరంగల్. ఒక్కో అరుపుకు ముందు అతను ఊపిరి పీల్చుకునే చప్పుడు వింటే నా ఛాతీ కూడా బిగుసుకునేది. ఈ రెండో ఆల్బమ్ కోసం అతను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేశాడు.

మొదటిసారి వినేటప్పుడు నేను దీపాలు ఆర్పి, ఏ మీటా ముట్టుకోకుండా వినేవాణ్ణి. కిటికీల్లేని గది. బయట వాన పడుతున్నదీ లేనిదీ తెలియదు. అక్కడ మధ్యాహ్నాలు నీళ్లలో మునిగినట్టు మెల్లగా కదిలేవి. ఆ మెత్తటి చీకట్లో తొమ్మిది పాటలూ ఒకదాని వెనక ఒకటి తేలుతూ వచ్చి, తేలుతూ వెళ్లిపోయాయి. దేనికీ నా ఒళ్లు కదల్లేదు. ప్రతి దరువునూ కంప్యూటర్‌లో తాళం గీత మీదికి లాగి సరిచేశారు. ఊపిరులన్నీ కత్తిరించేశారు. ఎవరూ లేని ఇంట్లో టీవీ మోగుతున్నట్టుంది. దీపం వేశాక కూడా చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. నిజంగా బాధేసింది.

మర్నాడు చరణ్ ఒక్కడే వచ్చాడు. విడుదలకు ఇంకా మూడు వారాలున్నాయి. ముందు వాళ్ల మిక్స్, తర్వాత ఆ రాత్రే నేను మెరుగుపెట్టిన మాస్టర్ అతనికి వినిపించాలి. దీనికి మా వృత్తిలో ఒక నియమం ఉంది. చెవి ఎప్పుడూ బిగ్గరగా ఉన్నదాన్నే మేలైనదనుకుంటుంది. అందుకని రెండింటి శబ్దాన్నీ సమం చేశాకే వినిపించాలి. రెండేళ్లుగా అవే పాటలు వినీ వినీ అతని చెవి మొద్దుబారింది, నిజమే. అయినా సమం చేసి వినిపిస్తే, నేను ఎంత మెరుగుపెట్టినా ఆ పాటలు లేవలేదని తెలిసిపోయేది. మళ్లీ మిక్స్‌కి వెళ్లేవాడు.

కూర్చోకముందే అడిగాడు: "మంచిగొచ్చిందా అంకుల్? మూడు దినాల సంది నిద్ర పడ్తలేదు."

ఆ ముఖం చూశాక సమం చేయడానికి నాకు చేతులు రాలేదు. మాస్టర్‌ను మూడు డెసిబెల్స్ ఎక్కువగానే వదిలేశాను. అతను కళ్లు మూసుకుని, తలూపుతూ విన్నాడు. "బస్, గిదే అంకుల్! మాకు గిదే గావాలె" అని నా చేతులు పట్టుకున్నాడు. నా సర్వీసు మొత్తంలో ఆ తప్పు చేయడం అదొక్కసారే, అదీ తెలిసి తెలిసి. ఆ సాయంత్రం పెద్ద ఉపకారం చేసినవాడిలా ఇంటికెళ్లి భోంచేశాను కూడా.

మూడు వారాలకు ఆల్బమ్ విడుదలైంది. పాటలు వినే యాప్‌లు ఎవరి పాటనైనా ఒకే శబ్దానికి దించేస్తాయి. నేనిచ్చిన ఆ మూడు డెసిబెల్సూ అక్కడ ఊడిపోయాయి. మొదటి ఆల్బమ్‌ను నెత్తిన పెట్టుకున్నవాళ్లే పెదవి విరిచారు. రెండు నెలల్లో డ్రమ్మర్ వెళ్లిపోయాడు, ఆ తర్వాత బ్యాండే లేదు.

చలికాలంలో చరణ్ వచ్చాడు. కోపంగా లేడు. పాటలు లేవలేదని ముందే తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను. అతను స్పీకర్ల వైపు తిరిగాడు.

"మూడు వారాలుండె గద అంకుల్" అన్నాడు.

అతను టీ కూడా తాగకుండా వెళ్లాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరు వచ్చినా శబ్దం సమం చేశాకే గది తలుపు తీశాను. దిద్దుకోవడానికి గడువు మిగిలి ఉండగానే నిజం వినిపించడం మాస్టరింగ్ ఇంజనీరు పని. చరణ్‌కు మూడు వారాల గడువుంది. దాన్ని నా జాలి తినేసింది.