కోర్టులో పెళ్లిరాట

భవానీపురంలో మా కాలనీ కోర్టులో ఆడపిల్లలకు ప్రత్యూష బాస్కెట్‌బాల్ నేర్పుతుంది. ఆదివారాలు అదే కోర్టులో మరుదులతో పంతానికి ఆడుతుంది. మొన్న కాలనీ ప్రెసిడెంటు తిరుపతిరావు గారు, పక్కనే ఖాళీ స్థలం ఉండగా, కూతురి పెళ్లికని కోర్టు నడిమధ్య సిమెంటు పగలగొట్టించి పెళ్లిరాట పాతించారు.

“పదహారు రోజుల పండగ అయ్యేదాకా రాట కదపకూడదమ్మా. ఆట ఆపండి,” అన్నారు.

“రాట కదపనండీ. ఆటా ఆపను,” అంది ప్రత్యూష.

పెళ్లయి షామియానా విప్పిన సాయంత్రమే పిల్లల్ని కోర్టులోకి దింపింది. పసుపు రాసిన ఆ రాటే డిఫెండర్. బంతితో దాని మీదికి దూసుకెళ్లి, తగలకుండా తప్పుకోవాలి. తగిలితే బయటికే. ఆదివారం మరుదులిద్దరూ బయటే కూర్చున్నారు.

పండగయ్యాక తిరుపతిరావు గారు రాట పీకించడానికి మనుషుల్ని తెచ్చారు. ప్రత్యూష బంతి చంకన పెట్టుకుని అడ్డం నిలబడింది.

“గుంట పూడ్చి సిమెంటు వేసే మేస్త్రీ ఏడండీ? అతనొచ్చేదాకా రాట కదపకూడదు!”