మా అత్తతో తుఫాను బేరం

ఆ రోజుల్లో, అంటే నాన్న నన్ను అప్పుడప్పుడే గల్లాపెట్టె దగ్గర కూర్చోనిస్తున్న కాలంలో, మొదట చెప్పిన మాటకే ఖాయమయ్యే వ్యవహారం ఈ లోకంలో ఒకటుందంటే నేను నమ్మేవాణ్ణి కాదు. ఖుర్సీపార్‌లో బకెట్లూ తాళ్లూ టార్పాలిన్లూ అమ్మే కొట్లో పెరిగినవాడికి అంతకంటే వేరే వేదాంతం ఎలా అబ్బుతుంది? ఆటో అతను చెప్పినా, డాక్టరు చెప్పినా, చివరికి పంతులుగారు ముహూర్తం చెప్పినా నా నోటివెంట ముందు వచ్చే మాట, "సరిగ్గా చెప్పండి భయ్యా" అనే. (పళ్ల డాక్టరు ఒకసారి మూడు పళ్లు పీకాలంటే రెండుకు ఒప్పించి, గర్వంగా ఇంటికొచ్చాను. మూడోది ఆ తర్వాత నన్ను ఒప్పించింది.)

అలాంటి రోజుల్లో మా మావయ్య కంటి ఆపరేషన్ కోసం భిలాయ్ వచ్చి ఖుర్సీపార్ బస్తీలోని మా ఇంట్లో మకాం పెట్టాడు. శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున ఉన్న పల్లెలో ఆయనకు చిన్న కిరాణా కొట్టు. అక్కడ మేనత్త ఒక్కతే ఉంటుందని నన్ను తోడుగా పంపారు. "అత్తను జాగ్రత్తగా చూసుకో" అంది అమ్మ రైలెక్కిస్తూ. నిజానికి చూసుకోవలసినంత అమాయకురాలు కాదు అత్త. బేరంలో నాన్న నాకు అక్షరాలు దిద్దిస్తే, నాన్నకు దిద్దించింది ఆవిడే. ఇక సముద్రం సంగతి. మా ఊళ్లో పెద్దదంటే స్టీలు ప్లాంటే. చీకటి పడ్డాక కరిగిన ఇనప చిట్టెం, అదే స్లాగ్, పారబోస్తే సెక్టర్ 7 దాకా ఆకాశం ఎర్రబడటం చూసి, ఇంతకు మించిన తమాషా దేవుడి దగ్గర కూడా ఉండదనుకునేవాణ్ణి. ఒడ్డున నిలబడి ఆ నీళ్లకు అవతలి గట్టు కోసం కాసేపు వెతికాక, ఆ అభిప్రాయాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

వారం తిరక్కుండానే ఆటోలో మైకు వచ్చింది. దాని వెనకే స్కూటీ మీద గ్రామ సచివాలయం అమ్మాయి. "రేపు సాయంత్రం తుఫాను తీరం దాటుద్ది. సరుగుడు తోటకి సముద్రం వైపున్న ఇళ్లన్నీ ఖాళీ చెయ్యాలి. కార్డులన్నీ ప్లాస్టిక్ కవర్లో కట్టుకోండి. మందులూ టార్చిలైటూ మర్చిపోకండి. గ్యాసు కట్టేసి, కరెంటు మెయిన్ ఆపేసి, వ్యానెక్కి తుఫాను షెల్టరుకి రండి" అని ఇంటింటికీ చెబుతోంది. నేను కౌంటరు మీద మోచేతులానించి, "రేపేనా మేడమ్? ఒక రోజు అటూ ఇటూ కాదా?" అన్నాను. "నన్నడిగితే ఎలాగండీ, సముద్రాన్నడగండి" అంది. "పోనీ మా కొట్టు తోటకి ఆనుకునే ఉంది కదా, మీ హద్దు గీత కొంచెం ఇటు జరపకూడదా?" అన్నాను. ఆ అమ్మాయి స్కూటీ స్టార్టు చేస్తూ, "గీత నేను జరుపుతాను. నీళ్లని మీరు జరుపుతారా?" అనేసి వెళ్లిపోయింది. లోపల్నుంచి అత్త పగలబడి నవ్వింది.

మర్నాడు మధ్యాహ్నానికి నా నోరు దానంతటదే మూతపడింది. కాకి లేదు, కొంగ లేదు. ఆకాశం పాత ఇత్తడి బిందె రంగులోకి తిరిగింది. ఎక్కడో లోపల్నుంచి, ఆగకుండా, ప్లాంటులోని భట్టీలన్నీ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంటున్నట్టు ఒక హోరు. ఊరు ఊరంతా బయల్దేరింది. చంటిపిల్లలు, ముసలాళ్లు, మూటలు, మేకలు. ఎంత, ఎందుకు, ఎప్పటిదాకా అని అడిగినవాడు ఒక్కడు లేడు. అంతమంది కలిసి ఒక్కమాటకు కట్టుబడటం నేను పుట్టాక అదే చూడ్డం. కదలంది మా అత్త ఒక్కతే. కొట్లో ఎత్తుపీట మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది.

"నువ్వెల్లు అల్లుడా, నాను రాను. పోయినేడు ఇలాగే ఎల్తే సినుకు పడ్లేదు. తిరిగొచ్చేసరికి ఎలకలు బెల్లమంతా తినేసినాయి. ఇంకేటి నమ్మమంటావు?"

"బెల్లం నేను మోసుకొస్తానత్తా."

"మరి పప్పులో?"

"అటక మీద పెడతా."

"ఫ్రిజ్జు?"

"బల్ల మీదకెక్కిస్తా."

"మరి నా పుంజు?"

"చంకలో పెట్టుకుంటా!"

అన్నీ చేశాను. పప్పు బస్తాలు అటకెక్కాయి, ఫ్రిజ్జు బల్లెక్కింది, బెల్లం మూట వీపుకెక్కింది, పుంజు చంకకెక్కి నా చెవిని పరీక్షించడం మొదలెట్టింది. అప్పుడు అత్త తాపీగా, "బాగుంది. అయినా నాను రాను" అంది.

ఇక నా దగ్గర ఒక్క ఆయుధమే మిగిలింది. ఖుర్సీపార్‌లో పుట్టిన ప్రతివాడికీ తెలిసినదే. బేరం తెగనప్పుడు వెనక్కి తిరిగి నడిచిపోవాలి. నాలుగడుగులు వేసేలోపు దుకాణదారు పిలిచి తీరతాడు. "అయితే నీ ఇష్టమత్తా" అని తిరిగి నడిచాను. వీలైనంత నెమ్మదిగా నడిచాను. అత్త పిలవలేదు. (దుకాణదారుల ఇంట పుట్టిన మనిషి మీద ఆ ఎత్తు వేయడమేమిటో, నా బుద్ధి!) తోట మలుపు దగ్గర ఆఖరి వ్యాను హారన్ కొడుతోంది. సరిగ్గా అప్పుడే మొదటి గాలి వచ్చింది. తోటలోని చెట్లన్నీ ఒకేసారి, ఎవరో వెన్ను మీద చెయ్యి వేసి వంచినట్టు, నేలకు వంగాయి. లేచాక మళ్లీ వంగాయి. అంత పెద్ద చెయ్యిని నేనెప్పుడూ చూడలేదు. దానితో ఎవడు బేరమాడతాడు?

వెనక్కి వెళ్లి, బెల్లం మూట దించి, పుంజుతో సహా అత్త ఎదురుగా నేల మీద చతికిలబడ్డాను.

"ఏటిరా, కూకున్నావు?"

"నేనూ రాను. నువ్వెక్కడో నేనూ అక్కడే."

"ఏసాలెయ్యకు. నెగు."

"నెగను."

అత్త నా వైపు చూసింది. నేను పుంజుని ఒళ్లోకి లాక్కున్నాను. తర్వాత తోట వైపు చూసింది. విసనకర్ర ఆగింది. "నీకేటైనా అయితే మా తమ్ముడికి నా మొకం ఎలా సూపించేది? నెగరా గుంటడా, బేగి నెగు!" అని, నాకంటే ముందు తనే వ్యాను వైపు పరుగెత్తింది. షట్టరు దించి, బెల్లమూ పుంజూ ఎత్తుకుని వెనక పరుగెత్తింది నేను.

షెల్టరు పైఅంతస్తు కిటికీ సందులోంచి చూశాను. సముద్రం నడిచి రాలేదు, లేచి వచ్చింది. సరుగుడు తోటలోంచి తెల్లగా, గోడలా. పుంజు సైతం నా చంకలో తల దాచుకుంది. అప్పటిదాకా నేను పెద్దవనుకున్నవన్నీ ఆ సందులోంచి చూస్తుంటే అగ్గిపెట్టెలంత అయిపోయాయి. ఎందుకో, చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

నీళ్లు తీశాక వెళ్లి చూస్తే కొట్టు ఉంది, షట్టరు లేదు. అటక చెదిరిన గూడులా వేలాడుతోంది. నేను చతికిలబడ్డ చోట ఇసుక, నడుం లోతున, చదునుగా, ఏమీ ఎరగనట్టు. అత్త వంగి ఆ ఇసుకను గుప్పిట్లోకి తీసుకుని వదిలింది.

"నిజం సెప్పు. నాను నెగకపోతే నిజింగా కూకుండిపోదువా?"

"ఉండిపోదునత్తా" అన్నాను. ఆవిడ సరుకు నాణ్యం చూసినట్టు నా మొహంలోకి చూసి, తల నిమిరింది.

ఇప్పుడు ఖుర్సీపార్ కొట్లో కూర్చుని, టీవీలో తీరం బొమ్మ మీద ఎర్రరంగు పాకడం చూసినప్పుడల్లా పుంజుతో సహా చతికిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తాడు. నిజంగా ఉండిపోయేవాడా? ఎంత తవ్వినా తేలదు. ఉండిపోయేవాడనే నమ్ముతాను, వాడంటే నాకు అంత ముచ్చట. ఇప్పటి నా సంగతంటారా, అత్త ఊళ్లో ఉండగా తుఫాను వస్తే, మైకు ఇంకా ఊరి పొలిమేరలో ఉండగానే వ్యానులో కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చుంటాను. పుంజు నడిచి రావాల్సిందే.