పై వరుసలో వెర్లీన్

ఇరవై రెండేళ్లుగా ఆదివారం చర్చి కాగానే హోయ్ట్ హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర మొదట నోరు విప్పేది డెల్మార్ స్ట్రౌడే. ముప్ఫై ఒక్క ఏళ్లు ఊరంతా తిరిగి ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. ఎవరింటి కుక్క కరుస్తుందో, ఎవరింట్లో ఎవరు అలిగారో అతనికి తెలుసు. కానీ జనం అతన్ని అడిగేది ఒక్కటే: నిన్న మన క్లేబర్న్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఎలా ఆడింది?

ఆ శనివారం జట్టు సొంత మైదానంలోనే చిత్తుగా ఓడింది. తోటివాళ్లకి బంతి అందించే కుర్ర క్వార్టర్‌బ్యాక్ విసిరిన పాసుల్లో మూడు ఎదుటివాళ్ల చేతుల్లో పడ్డాయి.

"వాడికి చెయ్యి ఉంది గానీ బుర్ర లేదు. బెంచీ మీద కూర్చోబెడితే గానీ మన పాసులు బాగుపడవు," అని డెల్మార్ తీర్పు చెప్పేశాడు. బల్ల చుట్టూ తలలు ఊగాయి.

"తప్పు ఆ పిల్లాడిది కాదు, డెల్మార్ గారూ."

అన్నది వెర్లీన్ పోగ్. స్కూలు బస్సు నడుపుతుంది. భర్త పోయాక, మూడు వారాల నుంచే ఆ బల్ల దగ్గరికి వస్తోంది.

"మరెవరిదమ్మా?"

"ఎడమ పక్క పరిగెత్తి బంతి పట్టుకోవాల్సిన పొడుగు కుర్రాడిది. కుడి పక్కవాడు పన్నెండు గజాలు పోయి లోపలికి తిరుగుతున్నాడు. వీడు పదికే తిరిగేస్తున్నాడు. బంతి మాత్రం వాడు ఉండాల్సిన చోటికే వస్తోంది. మూడుసార్లూ అంతే."

హోయ్ట్ వంటగది గుమ్మంలోంచి ఈల వేశాడు. "అమ్మా వెర్లీన్! ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నావమ్మా?"

ఆ మాట డెల్మార్‌కి ముల్లులా దిగింది. "ఆట నేనూ చూశాను కదా! టీవీలో అదేం కనబడలేదే?"

"టీవీ బంతి వెంటే పోతుందండీ. నాది గోలు వెనకాల అన్నిటికన్నా పై వరుస. చవక సీటు. అక్కణ్ణుంచి అందరూ కనిపిస్తారు."

కుర్చీలన్నీ ఆమె వైపు జరిగాయి. డెల్మార్ తన పళ్లెంలో వేయించిన కోడిని ముట్టుకోలేదు.

"బస్సు తోలేవాళ్లు కూడా ఫుట్‌బాల్ చెప్పేవాళ్లే," అని ఇంటికొచ్చి భార్యతో అన్నాడు.

"ఉత్తరాలు పంచేవాళ్లు చెప్పగా లేనిది," అంది ఓపల్, తల ఎత్తకుండానే.

వెర్లీన్ మాట తప్పయితే బాగుండునని రికార్డు చేసిన ఆట రెండుసార్లు వేసి చూశాడు. తెర మీద బంతే ఉంది. ఆమెది తప్పనడానికీ లేదు, ఒప్పనడానికీ లేదు. కడుపుమంట ఇంకా పెరిగింది. ఆ వారమంతా పసుపు బస్సు ఎదురైతే మొహం తిప్పుకున్నాడు. మంగలి షాపులో కూడా "వెర్లీన్ ఏమంటోంది?" అని అతన్నే అడిగారు!

మళ్లీ శనివారం టికెట్టు కొని, మోకాళ్లు పట్టుకుని ఆ మెట్లన్నీ ఎక్కాడు. ఉడికించిన వేరుశెనగల పొట్లం ఒళ్లో పెట్టుకుని వెర్లీన్ కూర్చుని ఉంది. "రండి," అని పొట్లం జరిపింది. అతను నాలుగు గింజలు తీసుకుని రెండు సీట్లు వదిలి కూర్చున్నాడు.

రెండో భాగంలో పొడుగు కుర్రాడు పది గజాలకే తిరిగాడు. బంతి వాడి వెనక నుంచి దూసుకుపోయింది. డెల్మార్ కళ్లారా చూశాడు. మైదానమంతా ఇరవై ఇద్దరితో సహా అరచేతిలో గీతల్లా కనబడుతోంది.

"ఎన్నేళ్ల నుంచి వస్తున్నారిక్కడికి?"

"పందొమ్మిదేళ్లు."

"ఎప్పుడూ చెప్పలేదే?"

"ఎవరడిగారు?"

తను టీవీ ముందు బంతి ఒక్కదాన్నే చూస్తూ ఊరికి తీర్పులు చెప్పిన ఆ పందొమ్మిదేళ్లూ ఈమె ఇక్కడ ఇదంతా చూసింది. ఆ లెక్క తోచగానే అతనికి నోట్లో వేరుశెనగ చేదెక్కింది.

క్లేబర్న్ మళ్లీ ఓడింది. ఆదివారం హోయ్ట్ వెర్లీన్ వైపు చూసి నోరు తెరిచేలోపు డెల్మార్ అందుకున్నాడు. "పదికే తిరుగుతున్నాడు. నేను చూశాను!"

కుర్చీలు అతని వైపు తిరిగాయి. వెర్లీన్ మొక్కజొన్న రొట్టె తుంచుకుంటోంది. ఆమె ఒక్క మాట అన్నా బాగుండేది.

"వెర్లీన్ చెప్పిందే," అన్నాడు చివరికి.

ఆ సీజను మిగిలిన ఆటలన్నిటికీ ఆమె పక్క సీటే కొన్నాడు. మైదానంలో తప్పు ఎవరు చేసినా ప్రతిసారీ ఆమే ఒక రెప్పపాటు ముందు చూసేది. నవంబరులో డెల్మార్ దుర్భిణి కొని కోటు లోపల దాచుకుని వెళ్లాడు. అయినా ఆమే ముందు చూసింది.