టైటిల్ సాంగులో కొడుకు పేరు

ఆత్మకూరులో జాకెట్లు కుట్టే నిరోషకు సీరియళ్ల కథలు గిట్టవు. అత్త ఏడుపు, కోడలి ఏడుపు ఎవరికి కావాలి? ఆమెకు ప్రాణం టైటిల్ సాంగు. ఏడున్నరకు అది మొదలవగానే మిషను ఆపేది. హీరోయిన్ మెట్లు దిగుతుంటే పక్కన పేర్లు ఒక్కొక్కటే వచ్చి పోయేవి. పాట అయిందా, మళ్లీ కుట్టు పనే.

పక్కింటి భాగ్యమ్మ పేర్ల కోసమే వచ్చేది. కొడుకు యేసుబాబు హైదరాబాదులో ఆ ఏడున్నర సీరియల్‌కే సెట్లు కట్టే వడ్రంగి. ఆమెకు చదువు రాదు. కొడుకు పేరు వచ్చిందా అని రోజూ అడిగేది. వడ్రంగుల పేర్లు ఎవరు వేస్తారు? లేదన్నప్పుడల్లా చిన్నబోయే ఆ ముఖం చూడలేక, ఒకరోజు నిరోష ఎవరిదో పేరు చూపించి, ఇదే అంది.

మంచికి పోతే చెడు ఎదురైంది. మర్నాటి నుంచి ఆ పేరు రాగానే భాగ్యమ్మ అక్షరాల ఆకారం గుర్తుపట్టి లేచి, పాస్టరు గారు రోగుల తల మీద చెయ్యి పెట్టినట్టు, టీవీ మీద అరచెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. పేరు పోయినా చెయ్యి తీసేది కాదు. నిరోష సిగ్గుతో తల వంచుకునేది. నిజం చెప్పడానికి మాత్రం రెండేళ్లయినా నోరు రాలేదు.

మొన్న సోమవారం టైటిల్ సాంగు మారింది. కొత్త పాటలో ఆ పేరు లేదు. కొడుకును పనిలో నుంచి తీసేశారని భాగ్యమ్మకు బెంగ పట్టుకుంది. అదేం లేదని యేసుబాబు ఫోన్‌లో చెప్పినా, తల్లి బాధపడుతుందని దాస్తున్నాడనుకుంది. మోకాళ్ల నొప్పులతోనే హైదరాబాదు బస్సెక్కడానికి సంచి సర్దుకుంది.

ఇక దాచితే పాపమని నిరోష వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"పెద్దమ్మా, అది మన యేసుబాబు పేరు గాదు. మేకప్ చేసేటాయనది. నేనే అబద్ధం చెప్పిన."

తిడుతుందనుకుంది. తిట్టినా బాగుండేది. భాగ్యమ్మ సంచి పక్కన పెట్టింది.

"అయితే రెండేండ్ల సంది మావోనికి ప్రార్థనే లేదా బిడ్డా? గందుకేనేమో, పోయినేడు రంపం కింద వడి వాని వేలు తెగింది."

దేవుడికి పేర్లతో పనేముంది, ఎవరి కోసం అడిగావో ఆయనకు తెలుసు అని చెప్పబోయింది నిరోష. ఆ మాట చెప్పే అర్హత తనకు లేదనిపించింది.